గుడి అనాలా, చర్చి అనాలా?

చెరువుకట్ట:
మా అమ్మమ్మది హనుమకొండ నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో హుజూరాబాద్ దాటాక లోపలికి ఉండే చిన్న ఊరు. మొన్న ఆదివారం ఆటో ఎక్కి ‘గుడి దగ్గర ఆపు బాబూ’ అంది. ఆ అబ్బాయి ఊరికి కొత్త. నేరుగా తీసుకెళ్లి ఆంజనేయస్వామి గుడి ముందు ఆపాడు. అమ్మమ్మ దిగకుండా కూర్చుని, ‘ఈ గుడి కాదయ్యా, మన గుడి’ అందట. మన గుడి అంటే ఏదో పాపం అతనికేం తెలుసు?

ఆమె వెళ్లాల్సింది చర్చికి. గోడ మీద బోర్డులో ‘వెస్లీ దేవాలయము’ అని ఉంటుంది. పాస్టరుగారు ‘మందిరం’ అంటారు. మా తమ్ముడికి అది చర్చి. అమ్మమ్మ ఈడు వాళ్లందరికీ గుడి. ముప్పై మంది కూర్చుంటే నిండిపోయే ఒక్క గదికి నాలుగు పేర్లు! ఇందులో ఏది ముందు వచ్చింది? ‘గుడి’ అనడం మా ఊరి అలవాటేనా, మిగతా చోట్లా ఉందా?

తెలుగు పంతులు:
మీ అమ్మమ్మగారి మాటలో తప్పేమీ లేదు. గుడి, గుడిసె తోబుట్టువులు. తమిళంలో ‘కుడి’ అంటే ఇల్లు, కుటుంబం. కన్నడ ‘గుడి’కి ఇల్లన్న అర్థమూ ఉంది, దేవాలయమన్న అర్థమూ ఉంది. మన దగ్గర గుడి దేవుడికి పోయింది, గుడిసె మనుషులకు మిగిలింది. చంద్రుడి చుట్టూ కట్టే గుడి, అక్షరం నెత్తిన పెట్టే గుడి కూడా ఉన్నాయి కానీ వాటిని ఇక్కడికి లాగను, చర్చ దారి తప్పుతుంది.

ఇంకో సంగతి. ‘చర్చి’ మూలం గ్రీకులో ‘కురియకోన్’, అంటే ప్రభువుకు చెందినది. కాబట్టి బోర్డు మీది ‘దేవాలయము’ దానికి దాదాపు సరిసమానం. బైబిలు తెలుగులో మాత్రం ‘దేవాలయము’ యెరూషలేములోని ఆలయానికే కట్టుబడి ఉంది. యూదులు కూడుకునే చోటు ‘సమాజమందిరము’. ‘ఈ బండమీద నా సంఘమును కట్టుదును’ అన్న వాక్యంలోని ‘సంఘము’ గ్రీకు ‘ఎక్లేసియా’, అంటే కూడిన జనం. కట్టేది బండ మీదే అయినా అక్కడున్నది గోడలు కావు, మనుషులు.

వేపచెట్టు:
మా తాతగారు ఉపదేశిగా, అంటే పల్లెల్లో ప్రార్థన నడిపి బోధ చెప్పే మనిషిగా, పనిచేశారు కనుక ఇంట్లో విన్నవి చెబుతాను. హైదరాబాద్ సంస్థానంలో వెస్లియన్ మిషను పని 1870ల చివర మొదలైంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో వచ్చి మెదక్ కేంద్రంగా పనిచేశారు. అందరికీ తెలిసిన మెదక్ చర్చి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. అయితే ఆ రాతి గోపురాన్ని చూసి పల్లె గుళ్లను ఊహించుకుంటే పొరబడతారు. ఊరి చివర, మాల మాదిగ వాడల్లో, మట్టి గోడలు, పైన తాటాకు. పగలు పిల్లలకు అక్షరాలు. కూలికి వెళ్లినవాళ్లు పొద్దుగూకాక తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, కందిలి వెలుగులో ప్రార్థనకు కూర్చునేవారు. అదే గది పొద్దున బడి, రాత్రి గుడి. మా తాతగారి ఊళ్లో వేపకొమ్మకు రైలు పట్టా ముక్క కట్టి ఉండేది. ఆగకుండా గబగబా కొడితే బడి, ఒక్కొక్క దెబ్బకు మధ్య ఆగి ఆగి కొడితే గుడి. వాడలో పసిపిల్లలకు కూడా ఆ తేడా తెలిసేదట.

అంచేత ‘గుడి’ అన్న మాట మిషనరీ దొరలు ఇచ్చింది అయి ఉండదని నా అభిప్రాయం. వాళ్లు వాళ్ల దేశంలోనే దాన్ని ‘చర్చి’ అనలేదు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ జనం 1739లో బ్రిస్టల్‌లో కట్టుకున్న మొదటి కట్టడం పేరు ‘న్యూ రూమ్’, అంటే కొత్త గది. అంతే! మిగతావి ప్రసంగపు ఇళ్లు, తర్వాత చాపెళ్లు, అంటే చిన్న ప్రార్థన మందిరాలు. ఊరి చర్చి ఆంగ్లికన్లది, అంటే ఇంగ్లండు అధికారిక చర్చి వాళ్లది. ఆ చర్చిలో ఆరాధన జరిగే వేళకు తమ కూడిక అడ్డం రాకూడదని వెస్లీ పట్టుబట్టేవాడు. ఆయన చనిపోయేదాకా ఆంగ్లికన్ గురువుగానే ఉన్నాడు కదా. అక్కడ ‘గది’ అన్నవాళ్లు ఇక్కడికి వస్తే, మనవాళ్లు దాన్ని ‘గుడి’ చేశారు.

పాతనగరం:
వేపచెట్టు గారూ, కథ బాగుంది కానీ నాకు ఒప్పుదల కాలేదు. గుడి అంటే విగ్రహం, గర్భగుడి, పూజారి. అవేవీ లేనిచోటును గుడి అంటే వినేవాడు తికమకపడతాడు. ఆటో సంగతి మీరే చూశారు. చక్కగా ‘చర్చి’ అంటే పోయేదానికి ఈ తిప్పలెందుకు?

వేపచెట్టు:
తికమక నిజమే. కానీ ఆ మాట మొదట అన్నవాళ్లు ఎవరో ఆలోచించండి. ఊరి గుడిలోకి వాళ్లను రానిచ్చేవారు కాదు. గడపకు ఇంత దూరాన నిలబడి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోవాలి. అలాంటివాళ్లు సొంత చేతులతో మట్టి తొక్కి గోడ పెట్టుకుని, దానికి తమకు అందని మాటనే పేరుగా పెట్టుకున్నారు. అప్పుడు వాళ్ల నోట ‘చర్చి’ ఎక్కడిది? అది ఇంగ్లీషు చదువుతో వచ్చింది. ‘మందిరం’ బైబిలు చదువుతో వచ్చింది. ‘గుడి’ మాత్రం ఆ రెండు చదువులూ రాకముందే ఉంది.

పాతనగరం:
ఈ కోణం నాకు తట్టలేదు. సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగం ఆటో అబ్బాయి పక్షం.

రాళ్లవాగు:
చిన్న మాట. మా జనగామ వైపు ‘సంఘం’ అంటే పెద్దవాళ్లకు 1940ల్లో ఆంధ్ర మహాసభ. దాన్ని ‘సంగం’ అనే అనేవారు. తర్వాత రోజుల్లో రైతు కూలీ సంఘాలు, ఇప్పుడు మహిళా సంఘాలు. ‘సంఘకాపరి’ (పాస్టరు) అని మొదటిసారి విన్నప్పుడు మా నాన్న ఎవరో పొదుపు సంఘం లెక్కలు చూసే మనిషి అనుకున్నాడు.

చెరువుకట్ట:
రాళ్లవాగు అన్నా, మీ నాన్నగారికి నమస్కారం చెప్పండి!

బోర్డు మీద ‘వెస్లీ’ ఉండి ‘మెథడిస్టు’ ఎందుకు లేదో ఎవరైనా చెబుతారా? జహీరాబాద్‌లో మాత్రం ‘మెథడిస్టు’ అని చూశాను.

తెలుగు పంతులు:
అవి రెండు వేర్వేరు మిషన్లు. మీవైపు పనిచేసింది బ్రిటిష్ వెస్లియన్లు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు వాళ్లు ఆంగ్లికన్లు మొదలైనవాళ్లతో కలిసిపోయారు. పాత పేరు పోయి, వెస్లీ ఒక్కడు బోర్డుల మీద మిగిలాడు. వికారాబాద్, జహీరాబాద్ వైపు అమెరికా మెథడిస్టులు పనిచేశారు. వాళ్లు అందులో కలవలేదు కాబట్టి వాళ్ల పేరు నిలిచింది. మీ హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టులు, వాళ్లదీ వేరే దారే. అన్నట్టు ‘మెథడిస్టు’ మొదట్లో ఎగతాళి పేరు. 1729 నాటి ఆక్స్‌ఫర్డ్‌లో వేళ తప్పకుండా ప్రార్థన, ఉపవాసం, చదువు అంటూ తిరిగే కుర్రాళ్లను తోటివాళ్లు అలా వెక్కిరించారు. మన మాటల్లో చెప్పాలంటే ‘పద్ధతిగాళ్లు’.

చెరువుకట్ట:
ఇవన్నీ నిన్న రాత్రి అమ్మమ్మకు చదివి వినిపించాను. గుడిసె దగ్గర తల ఊపింది. కురియకోన్ దగ్గర కునుకు తీసింది. రైలు పట్టా దగ్గర మాత్రం లేచి కూర్చుని, ‘మా దగ్గర పట్టా కాదు, పగిలిన తిరగలి రాయికి ఇనుప సుత్తె’ అంది. రాయి మోగుతుందా అంటే, వినేవాడికి మోగుతుంది అంది. నేను నమ్మలేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ రాయి ఎక్కడుందో వెతకాలి.

ఆటో అబ్బాయి ఇప్పుడు ఆమె ఎక్కగానే ‘ఏ గుడి, అమ్మమ్మా?’ అని అడుగుతున్నాడట.