రెండు ఓటీల (ఆపరేషన్ థియేటర్ల) డే కేర్ సెంటర్‌కి ఆరు బెడ్ల రికవరీ సరిపోతుందా?

గోదావరి_సర్జన్:
రాజమండ్రిలో ముగ్గురం కలిసి డే కేర్ సర్జరీ సెంటర్ పెడుతున్నాం, ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపేది. ఒక ఓటీ కంటి శుక్లాలకి, రెండోది హెర్నియా, పైల్స్ లాంటివాటికి. ఆర్కిటెక్ట్ ప్లాన్‌లో ఆరు బెడ్ల హాలు ఒకటే ఉంది, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా అదే. స్థలం కలిసొస్తుందంటాడు, నాకేమో మనసొప్పడం లేదు. ఎవరైనా లెక్క చెప్పండి.

మత్తు_డాక్టర్:
చాలదు సార్. శుక్లం కేసు ఇరవై నిమిషాలనుకుంటే గంటకి ముగ్గురు. చుక్కలు వేసి కంటిపాప విచ్చుకునేదాకా ఆగడం, బీపీ, షుగర్, బ్లాక్ (కంటికి మత్తు ఇంజెక్షన్) అన్నీ కలిపి ఒక్కొక్కరికి ముందే గంట పడుతుంది, అంటే ఎప్పుడు చూసినా ముగ్గురు లోపల వెయిటింగ్‌లోనే. అయ్యాక ఇంకో అరగంట కాబట్టి మరో ఇద్దరు. వీళ్లకి బెడ్లు దండగ, వెనక్కి వాలే కుర్చీలు వేయండి.

రెండో ఓటీ దీనికి ఉల్టా. ముందు ఒక్క స్ట్రెచర్ చాలు, అసలు కథంతా తర్వాతే. జనరల్ (పూర్తి మత్తు) ఇస్తే మొదటి గంట మానిటర్, ఆక్సిజన్, పక్కనే నర్సు ఉండాలి, మత్తునుంచి ఎంత తేరుకున్నారో చెప్పే ఆల్డ్రెట్ స్కోరు 10కి 9 వచ్చాకే అక్కడినుంచి కదపాలి, ఆ తర్వాత కూడా ఇంటికి పంపేదాకా రెండుమూడు గంటలు. గంటన్నరకో కేసు చేస్తూ ఒక్కొక్కరిని నాలుగు గంటలు ఉంచితే దాదాపు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. మొత్తం తొమ్మిది మంది, మీకున్నవి ఆరు. రికవరీలో చోటు లేకపోతే పేషెంటు ఓటీ టేబుల్ మీదే ఉండిపోతాడు, కోట్లు పెట్టి కట్టిన ఓటీ ఖాళీ బెడ్ కోసం ఎదురుచూస్తుంది.

రికవరీ_సిస్టర్:
లెక్క సరే, ఆపరేషన్‌కి వెళ్లబోయే మనిషి పక్కనే ఇంకొకరు వాంతి చేసుకుంటుంటే బీపీ అక్కడే పెరిగిపోతుంది, మళ్లీ మేమే అరగంట కూర్చోబెట్టాలి. కనీసం మధ్యలో గోడైనా పెట్టించండి. మా టేబుల్ దగ్గర కూర్చుంటే మొదటి గంట బెడ్ల మీదున్నవాళ్ల ముఖాలు కనపడాలి, ప్లాన్లలో ఎప్పుడూ అక్కడ ఒక స్తంభం వస్తుంది ఎందుకో! సక్షన్ (నోట్లో చేరిన వాంతి, కఫం లాగేసేది) ప్రతి బెడ్‌కీ ఉండాలి. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోతే తీయలేం. లాకర్లు మర్చిపోకండి. మెట్టెలు, గాజులు ఎవరికివ్వాలో తెలీక ఆడవాళ్లు పడే టెన్షన్ అంతాఇంతా కాదు.

ప్లాన్లు_గీసేవాడు:
మీ ఆర్కిటెక్ట్ మాట పూర్తిగా కొట్టిపారేయకండి. పొద్దున అందరూ ప్రీ-ఆప్‌లోనే (ఆపరేషన్‌కి ముందు వెయిటింగ్‌లో) ఉంటారు, మధ్యాహ్నం అందరూ రికవరీలోనే. రెండూ పూర్తిగా విడదీస్తే ఎప్పుడూ ఒక గది ఖాళీయే. కంటివాళ్లని వేరే గదిలో కుర్చీల్లో కూర్చోబెట్టేస్తే ఆ ఆరు బెడ్లూ రెండో ఓటీకే మిగులుతాయి, మేడమ్ చెప్పిన గోడ కూడా పడుతుంది. అన్ని బెడ్లకీ ఒకేలా ఆక్సిజన్, సక్షన్, ప్లగ్ పాయింట్లు ఇప్పుడే వేయించండి, ప్లాస్టరింగ్ అయ్యాక పగలగొట్టాలంటే ఖర్చు రెట్టింపు. కారిడార్ 2.4 మీటర్లకి తగ్గించొద్దు.

గోదావరి_సర్జన్:
కుర్చీల గది ఐడియా బాగుంది, రిసెప్షన్ తగ్గిస్తే వచ్చేస్తుంది. స్పైనల్ (వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చే) కేసులు మాత్రం సాయంత్రం దాకా లేవరేమోనని భయం.

మత్తు_డాక్టర్:
వాటిని లిస్టులో మొదట వేయండి సార్. కాళ్లు పూర్తిగా స్వాధీనంలోకి వచ్చి, లేచి నడిచి, మూత్రం పోసుకున్నాకే పంపాలి కదా, మధ్యాహ్నం రెండింటికి స్పైనల్ ఇస్తే మీ సిస్టర్‌కి రాత్రి ఎనిమిదైనా ఇల్లు ఉండదు.