నైరోబీ నుంచి జోహన్నెస్‌బర్గ్: దూరం ఎంత, విమానంలో ఎన్ని గంటలు?

ప్రశ్న (బరంపురం)
నైరోబీలో రెండు వారాల పని, అక్కణ్ణించి జోహన్నెస్‌బర్గ్ వెళ్ళాలి. టికెట్‌లో పొద్దున్న 7:00కి బయలుదేరి 10:10కి దిగుతుందని ఉంది. తిరుగు విమానం 11:00కి ఎక్కితే సాయంత్రం 4:05కి దింపుతుందట. అటు మూడు గంటలు, ఇటు ఐదు గంటలా? ఎదురుగాలి వల్లనా అండీ? రోడ్డు మీద వెళ్ళే వీలుందా?

జవాబు (పర్లాకిమిడి)
గాలి కాదండీ, గడియారం తేడా. నైరోబీ కంటే జోహన్నెస్‌బర్గ్ ఒక గంట వెనక. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. వెళ్ళేటప్పుడు 3 గంటల 10 నిమిషాలకు ఒక గంట కలపండి, వచ్చేటప్పుడు 5 గంటల 5 నిమిషాల్లోంచి ఒక గంట తీసెయ్యండి. రెండూ నాలుగు గంటల పైచిలుకే. దారి దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి, తూర్పు పడమరల దూర ప్రయాణాల్లోలా గాలి పెద్ద తేడా తేదు.

ఆకాశమార్గంలో సుమారు 2,910 కిలోమీటర్లు. మన దేశం ఉత్తర కొస నుంచి దక్షిణ కొసకు 3,214 అని బడిలో చదివామే, దానికంటే కాస్త తక్కువ. టాంజానియా, మలావీ-జాంబియా సరిహద్దు, జింబాబ్వే మీదుగా పోతుంది. గంటకు 850 వేసుకున్నా మూడున్నర గంటల లోపే రావాలి కదా అనిపిస్తుంది. కానీ రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కలిపితే నాలుగు దాటుతుంది. టికెట్‌లో లెక్క గేటు నుంచి గేటు దాకా.

ఇంటికి ఫోన్ చేసేటప్పుడు మన టైము నైరోబీ కంటే రెండున్నర గంటలు, జోహన్నెస్‌బర్గ్ కంటే మూడున్నర గంటలు ముందుంటుంది.

జవాబు (రాయగడ)
రోడ్డు ఆలోచన మానుకోండి. దారిని బట్టి 4,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నమాంగా, తుందుమా, చిరుండు, బైట్‌బ్రిడ్జ్ అని నాలుగు సరిహద్దులు, ప్రతి దేశానికీ కాగితాలు వేరు. లారీల క్యూలో రోజులు పోతాయి.

టైము కంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు చూసుకోండి. కెన్యా నుంచి వచ్చేవాళ్ళను దక్షిణాఫ్రికా అడుగుతుంది. కెన్యా వదిలిన ఆరు రోజుల్లోపు మన దేశంలో దిగినా అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. పదేళ్ళు అని రాసున్న పాత కార్డూ పనికొస్తుంది. మామూలు క్లినిక్కుల్లో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. ఒక్కో సీసాలో చాలా డోసులు ఉంటాయి, విప్పాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి, అందుకే చాలాచోట్ల వారంలో ఫలానా రోజనే పెడతారు. నెల ముందే అడగండి. గుడ్డు పడనివాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి. కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం తప్పకుండా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదువుకోండి.

ప్రశ్న వేసినవారు
తిరిగి నైరోబీ మీదుగానే ఇండియా వస్తాను. ఆ రెండు టికెట్లూ వేరువేరు.

జవాబు (పర్లాకిమిడి)
అయితే నైరోబీలో సామాను మీరే తీసుకుని మళ్ళీ చెకిన్ చెయ్యాల్సి రావచ్చు. అంటే ఇమిగ్రేషన్ దాటాలి. మీ ఈటీఏ (కెన్యాకు ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) ఎన్ని ఎంట్రీలకు చెల్లుతుందో చూడండి, ఒక్కదానికే అయితే ఇంకొకటి కావాలి. మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు పోతుంది. వీలుంటే రెండూ ఒకే టికెట్‌గా మార్పించండి, ట్యాగు మీద చివరి ఊరి పేరు పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవచ్చు.