ఇండోనేషియా పామాయిల్ డీజిల్: ఖజానాకు మిగులా, చేతిచమురు వదలడమా?

పద్దుపుస్తకం:
ఇండోనేషియా డీజిల్‌లో పామాయిల్ బయోడీజిల్ 2020లో 30 శాతం కలిపింది. 2023లో 35, 2025లో 40 శాతానికి పెంచింది. డీజిల్ దిగుమతులు తగ్గి డాలర్లు మిగులుతున్నాయన్నది అక్కడి ప్రభుత్వం మాట. ఈ జేబులోంచి తీసి ఆ జేబులో వేసుకోవడమే తప్ప ఇందులో మిగులేమీ లేదని నా వాదన. కాదనేవాళ్లు రండి.

కొబ్బరాకు:
నేను కాదంటాను. చమురు రేటు పెరిగితే ఏమవుతుందో 2022 సెప్టెంబరులో చూశాం. సబ్సిడీ పెట్రోలు లీటరు 7,650 రూపియాల నుంచి ఒక్కసారిగా 10,000 చేస్తే జనం రోడ్డెక్కారు. సొంత తోటల్లో పండే నూనె వాడుకుంటే ఆ టెన్షన్ ఎంతో కొంత తగ్గదా?

పద్దుపుస్తకం:
మీరు చెప్పింది పెట్రోలు రేటు. పామాయిల్ కలిపేది డీజిల్‌లో. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

అసలు మెలిక వేరే చోట ఉంది. బయోడీజిల్ రేటు మామూలు డీజిల్ కన్నా ఎక్కువైతే, ఆ తేడాను కంపెనీలకు ఒక నిధి నుంచి చెల్లిస్తారు. ఆ నిధికి డబ్బు ఎక్కడిది? పామాయిల్ ఎగుమతులపై వేసే లెవీ. దేశంలో ఎంత ఎక్కువ కలిపితే ఎగుమతికి అంత తక్కువ మిగులుతుంది. అంటే చెల్లింపులు పెరుగుతుంటే రాబడి తరుగుతుంది. పైగా ముడి చమురు చవకై పామాయిల్ ప్రియమైతే లీటరుకు కట్టాల్సిన తేడా ఇంకా పెరుగుతుంది. 40 శాతం మొదలైన ఏడాదే, 2025 మే నెలలో, ముడి పామాయిల్‌పై లెవీని 7.5 శాతం నుంచి 10 శాతానికి పెంచారు. నిధి నిండుగా ఉంటే ఆ అవసరం ఎందుకొచ్చింది?

కొబ్బరాకు:
లెవీ కట్టేది కొనే దేశాలే కదండీ. అక్కడి ఖజానాకు ఏం పోయింది?

గెలలబండి:
అలా ఎలా అంటారండీ? ప్రపంచ మార్కెట్ రేటు పెట్టి కొనేవాడు మీ లెవీ కోసం అదనంగా ఇవ్వడు. ఎగుమతిదారు ఆ మేరకు మిల్లుకు తగ్గిస్తాడు, మిల్లువాడు గెల రేటులో కోస్తాడు. ఇండోనేషియా పామ్ తోటల్లో దాదాపు 40 శాతం చిన్న రైతులవే. గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరాలి, లేకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. రేటు బాగా లేదని దాచుకునే సరుకు కాదు. 2022 ఏప్రిల్ 28న ఎగుమతులే ఆపేశారు. మిల్లుల ట్యాంకులు నిండిపోయి గెలలు కొనేవాళ్లు లేకపోయారు. రైతులు జకార్తా వెళ్లి ధర్నా చేశారు. మే 23న నిషేధం ఎత్తేశారు. బయోడీజిల్ ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందని అడిగితే నేను ఆ రైతునే చూపిస్తాను.

కొబ్బరాకు:
ఒకటి మరచిపోతున్నారు. దేశంలోనే వాడకం పెరిగితే బయట గిరాకీ పడిపోయినప్పుడు గెల రేటు మరీ పాతాళానికి పోకుండా ఉంటుంది. ఆ దన్నూ రైతుకే కదా?

గెలలబండి:
ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. ఒక చేత్తో దన్ను, ఇంకో చేత్తో కోత. రెండూ లెక్కేస్తే చివరికి చేతిలో ఎంత మిగిలిందన్నదే నా ప్రశ్న.

దాణాబస్తా:
మన దగ్గరా ఇదే తంతు. పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు చెరకు రసం వాడొద్దని 2023 డిసెంబరులో ఆంక్షలు పెట్టి, తర్వాత కొంత సడలించారు. మొక్కజొన్న ఇథనాల్‌కు మాత్రం లీటరుకు 71.86 రూపాయలు ప్రకటించారు. అంతకుముందు వియత్నాం, బంగ్లాదేశ్‌లకు మొక్కజొన్న అమ్మిన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్ల నుంచి కొనుక్కుంది. రైతుకు మంచి రేటు వచ్చింది, సంతోషమే. కోళ్లఫారాలవాళ్లు మాత్రం దాణా రేటు చూసి లబోదిబోమన్నారు. చమురు దిగుమతిలో మిగిలిన డాలర్లు చెప్పేటప్పుడు మొక్కజొన్న దిగుమతికి పోయిన డాలర్లు కూడా పక్కనే రాయాలి కదా.

కొబ్బరాకు:
రాయండి, ఎవరొద్దన్నారు? రాశాక కూడా చమురు పద్దే పెద్దదిగా ఉంటుంది.

పద్దుపుస్తకం:
మన దేశం సంగతి మీరన్నట్టే కావచ్చు. ఇండోనేషియాకు వచ్చేసరికి ఎగుమతి చేయకుండా మండించిన పామాయిల్ విలువ కూడా అందులోంచి తీసేయాలి. 2024 చివర్లో పామాయిల్ సోయా నూనె కన్నా ప్రియంగా అమ్ముడుపోయింది. ఆ రేటు వేసి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.