ఇంజినీరింగ్ ప్రవేశాలు: గడువులు, ధ్రువపత్రాలు తప్పిపోకుండా ఎలా చూసుకోవాలి?

ప్రశ్న (ఒక తండ్రి, వరంగల్)

నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. జేఈఈ మెయిన్ జనవరి విడత రాసింది. ఏప్రిల్ విడతకు, రాష్ట్ర ప్రవేశ పరీక్ష టీజీ ఈఏపీసెట్‌కు, ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయం సొంత పరీక్షకు కూడా దరఖాస్తు చేశాం. ప్రతిదానికీ వేరే లాగిన్, వేరే గడువు. ఒక దరఖాస్తు మా బావమరిది నింపడం వల్ల దాని ఓటీపీలు ఆయన ఫోనుకే వెళ్తున్నాయి. మేము బీసీ-డి. ఫలితాలు వచ్చాక ఏ పని ఎప్పుడు చేయాలో తెలియక ఇప్పటి నుంచే ఆందోళనగా ఉంది. ఈ దశ దాటినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాద్)

అన్నగారూ, ముందుగా అమ్మాయి పదో తరగతి మెమోను ఎదురుగా పెట్టుకుని, అందులోని పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ, కుల ధ్రువపత్రంలోనూ, నింపిన ప్రతి దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో చూడండి. మా పెద్దవాడి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. పరీక్షల ముందు విలువైన వారం రోజులు ఆ సవరణకే పోయాయి.

కుల ధ్రువపత్రం విషయంలో చాలామంది పొరబడతారు. మీసేవ ద్వారా తీసుకున్న బీసీ-డి పత్రం రాష్ట్ర కౌన్సెలింగ్‌కు సరిపోతుంది గానీ, ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసాకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం (వెనుకబడిన తరగతుల్లో సంపన్న వర్గానికి చెందరని తెలిపేది) కావాలి. అది కూడా ప్రవేశాలు జరిగే ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తరువాత గానీ జారీ అయినదై ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు కాబట్టి మీ కులం అందులో ఉందో లేదో ముందే చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఆదాయ ధ్రువపత్రం కూడా కొత్తదే తీసుకోండి.

సమాధానం (జూనియర్ కళాశాల అధ్యాపకుడు, ఖమ్మం)

పై సోదరి చెప్పినవాటికి స్టడీ సర్టిఫికెట్లను చేర్చాలి. స్థానికత నిర్ధారణకు ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏడేళ్ల సర్టిఫికెట్లు అడుగుతారు. బడులకు వేసవి సెలవులు ఇచ్చాక సంతకం పెట్టేవారు దొరకరు గనుక ఈ పని వెంటనే చేయండి.

గడువుల కోసం ఒక నోటుపుస్తకం పెట్టి, పరీక్షకు ఒక పేజీ కేటాయించి, దరఖాస్తు సంఖ్య, పాస్‌వర్డ్, నమోదు చేసిన ఫోను నంబరు అమ్మాయి చేతనే రాయించండి. రాష్ట్ర కౌన్సెలింగ్ పేజీలో దశలన్నీ వరుసగా ఉండాలి: రుసుము చెల్లింపు, స్లాట్ బుకింగ్, హెల్ప్‌లైన్ కేంద్రంలో ధ్రువపత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్లు (కావలసిన కళాశాలలు, కోర్సుల ఎంపిక), సీటు కేటాయింపు, ట్యూషన్ ఫీజు, సెల్ఫ్ రిపోర్టింగ్ (వచ్చిన సీటులో చేరుతున్నట్టు ఆన్‌లైన్‌లో మనమే తెలపడం). ఈ చివరి దశను తక్కువగా చూడవద్దు. సీటు వచ్చిన సంతోషంలో ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్లి, గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయక ఆ సీటు పోగొట్టుకున్న విద్యార్థిని నేను చూశాను. ఆ బాధ మరే పిల్లకూ రాకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

సమాధానం (బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థి)

బాబాయ్ గారూ, డీమ్డ్ విశ్వవిద్యాలయంలో ముందుగా చేరాల్సి వస్తే ఒరిజినల్ పత్రాలు అక్కడ వదిలి రావద్దు. నేను చేరిన చోట టీసీ, మెమోలు తీసుకున్నారు. తరువాత నాకు రాష్ట్ర కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినప్పుడు వాటి కోసం పలుమార్లు తిరగాల్సి వచ్చింది. ఒరిజినల్ ధ్రువపత్రాలను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులో విశ్వవిద్యాలయాలకు స్పష్టంగా తెలిపింది. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. అన్నింటికీ స్కాన్ ప్రతులు, నాలుగైదు జిరాక్స్ సెట్లు కూడా దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. లాగిన్ వివరాలన్నీ అమ్మాయి ఈ రాత్రే పుస్తకంలో రాస్తోంది. ఏ పరీక్ష ఓటీపీలు బావమరిది ఫోనుకు వెళ్తున్నాయో ఎర్ర సిరాతో గుర్తు పెట్టించాను. ఒక చిక్కు మాత్రం మిగిలింది. తను ఏడో తరగతి చదివిన ప్రైవేటు బడి మూతపడింది. ఆ ఏడాది సర్టిఫికెట్ ఎవరిస్తారు?

సమాధానం (అధ్యాపకుడు, ఖమ్మం)

మూతపడిన బడి రికార్డుల గురించి ఆ మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. ఆరు, ఎనిమిది తరగతుల సర్టిఫికెట్లు, పాత ప్రోగ్రెస్ కార్డు ఏదైనా ఉంటే అదీ వెంట తీసుకుని, అమ్మాయిని కూడా తీసుకుని ఈ వారంలోనే వెళ్లండి.