జేజి రాసిన సేద్యం పుస్తకాలు: దాచేదెట్లా, తేదీలు తేల్చేదెట్లా?

కళ్యాణదుర్గం_మెట్ట:
మా జేజి (అవ్వ) రాసిన సేద్యం లెక్కల పుస్తకాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఎప్పుడు వానకు నేల పదునైంది, విత్తనం ఎంత, కూలి ఎంత, ఎన్ని మూటలైనాయి, అన్నీ రాసింది. కుట్టు వదిలింది, గుండుసూదులు తుప్పు పట్టినాయి, అంచులు పురుగు తినింది. పెన్సిలు రాత అక్కడక్కడ ఊదారంగుకు తిరిగింది. తేదీకి బదులు "విశ్వావసు, ఆరుద్ర 2వ పాదం" అని ఉంది. డబ్బు దగ్గర అంకె పక్కన నిలువు గీతలు, అడ్డ గీతలు. ఇంట్లోవాళ్లు లామినేషన్ చేయించమంటున్నారు. జేజికి చూపు ఆనదు, జ్ఞాపకం మాత్రం బాగుంది.

పాతకాగితం:
లామినేషన్ వద్దే వద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితంలో కరుచుకుంటుంది, మళ్లీ ఊడదీయలేరు. సెల్లోటేపు కూడా అంతే, జిగురు పసుపుపచ్చగా దిగి అక్షరాలను మింగేస్తుంది.

ఊదా రాత కాపీయింగ్ పెన్సిలుది. అందులో రంగు ఉంటుంది, తడి తగిలితే కరిగి పాకుతుంది. కాబట్టి తడిగుడ్డ, ఉమ్మి వేలు ఆ పుటల దగ్గరికి రాకూడదు. చేతులు కడిగి బాగా ఆరినాక ముట్టుకోండి.

దుమ్మును మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి అంచుకు తోయండి. గుండుసూదిని లాగితే కాగితం చినుగుతుంది. సూదికీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, మెల్లగా జరపండి.

పురుగు ఇంకా బతికుంటే ఎండలో పెట్టొద్దు, కాగితం పెళుసవుతుంది. పొడిగా ఉన్న పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీసినాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. తొందరపడి విప్పితే చల్లటి పుటల మీద చెమ్మ పట్టి, ఊదా రాత అంతా పాకిపోతుంది.

తర్వాత గంజి పెట్టని తెల్ల నూలుగుడ్డలో చుట్టి, నేలకూ గోడకూ తగలకుండా పెట్టండి. గంజి ఉంటే పురుగుకు మేత.

ఫసలీ_లెక్క:
విశ్వావసు అనేది తెలుగు సంవత్సరం పేరు, ఇక్కడ 1965-66. అరవై ఏళ్లకొకసారి తిరిగొస్తుంది కాబట్టి ముందుది 1905-06. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది, ఒక్కో పాదం మూడు రోజుల పైచిలుకు. అంటే జేజి రాసింది 1965 జూన్ 25-28 నడుమ. అదే పుస్తకంలో సంక్రాంతి లెక్క ఉంటే అది 1966 జనవరి. సంవత్సరం ఉగాదితో మారుతుంది కదా, చాలామంది ఇక్కడే ఒక ఏడు తప్పుతారు.

సరిచూసుకోను పాత అడంగల్ (ఏ చేనులో ఏ పైరో రాసే రెవెన్యూ రిజిస్టరు) నకలు అడగండి. అది ఫసలీ (రెవెన్యూ లెక్కల ఏడు) ప్రకారం ఉంటుంది, జూలై 1తో మొదలు, 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు ఏడు. జూన్ 25 తేదీ లెక్కన 1374లో పడుతుంది, కానీ ఆ పైరును 1375లో వెతకాలి. సర్వే నంబరు చేతిలో పెట్టుకొని పోండి. 1965లో దేశమంతా కరువు, దిగుబడి తక్కువుంటే రాత తప్పని కొట్టేయొద్దు.

గీతలు పాత భిన్నాలు. నిలువు గీత కాలు, అంటే పావు; అడ్డ గీత వీసం, అంటే పదహారో వంతు, రూపాయిలో అయితే అణా. 2 పక్కన మూడు నిలువు, రెండు అడ్డం ఉంటే 2 రూపాయల 14 అణాలు. 1957లో కొత్త పైసలు వచ్చినా ఊళ్లలో అణాల లెక్క చాన్నాళ్లు నడిచింది. అవే గీతలు వీశెల పక్కనుంటే కాలు వీశె, వీసం వీశె. వీశె సుమారు 1.4 కిలోలు, 8 వీశెలు మణుగు.

పడి, శేరు కొలతలను మాత్రం పుస్తకాలు చూసి మార్చొద్దు, ఊరికొక తీరు. మీ ఇంట్లో పాత పడి కొలపాత్ర ఉంటే శెనగ్గింజలు (వేరుశనగ గింజలు) పోసి, తలకొట్టి ఒకసారి, కుప్పగా ఒకసారి తూకం వేయండి. జేజి ఎట్లా కొలిచేదో ఆమెనే అడగండి. విత్తనం లెక్క ఎకరాకు 40-60 కిలోల గింజలకు బాగా అటూఇటూ వస్తే కొలతో, ఎకరాలో తప్పు చదివినట్టే.

కళ్యాణదుర్గం_మెట్ట:
చాలా మేలన్నా. జిరాక్సు అంగట్లో స్కాన్ చేయించొచ్చా?

పాతకాగితం:
వద్దు, అద్దానికి అదిమితే పుస్తకం వీపు విరుగుతుంది. ఇంట్లోనే కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట ఫోనుతో తీయండి. రెండు వైపులా దిండ్లు పెట్టి పుస్తకాన్ని సగమే తెరవండి, ఫోను పుటకు సమాంతరంగా ఉండాలి. నలుపు-తెలుపు మోడ్ వాడితే ఊదా రాత మాయమవుతుంది, రంగులోనే తీయండి. ఖాళీ పుటలు, అట్టలు కూడా. ఒక ప్రతి వేరే ఊర్లో ఉన్నవాళ్ల దగ్గర ఉంచండి.

ఎత్తి రాసేటప్పుడు జేజి రాసిందాన్ని దిద్దొద్దు. "సెనిక్కాయ" (వేరుశనగ) అనుంటే అట్లే ఉంచి, మీ అర్థం, ఇంగ్లీషు తేదీ పక్క గడిలో రాయండి.

ఫసలీ_లెక్క:
జేజితో ఇప్పుడే మొదలుపెట్టండి, ఫొటోలన్నీ అయ్యేదాకా ఆగొద్దు. పుట నంబరు గట్టిగా చెప్పి, పుట చదివి వినిపించి, ఆమె చెప్పేది ఫోన్లో రికార్డు చేయండి. "ఈ చేను ఏది, ఈ కూలీలు ఏ ఊరోళ్లు, ఈ బాకీ తీరిందా" అని అడగండి. అరగంట మించొద్దు, అలసిపోతే పేర్లు కలగలుస్తాయి. రికార్డింగుకు పుట ఫొటోకున్న నంబరే పెట్టండి.