వెండి అట్ట మీద తెల్ల ఇంకు బూడిద రంగులో పడుతోంది, ఏం చేయాలి?

రావులపాలెంలో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు వేస్తుంటాం. ఇప్పటిదాకా అంతా మామూలు తెల్ల అట్టే. ఈసారి ఒక పార్టీ వెండిలా మెరిసే మెటలైజ్డ్ బోర్డు మీద కావాలన్నారు. పేరు, అంచు మెరవాలి, పూతరేకు ఫోటో మాత్రం తెల్లగా సహజంగా ఉండాలి అన్నది వాళ్ల కోరిక.

మామూలు నాలుగు రంగుల ఇంకులు పారదర్శకం కాబట్టి కింది మెరుపు పైకి కనిపిస్తుందని తెలుసు. అందుకే ఫోటో కిందకి తెలుపు కోసం విడిగా ఐదో ప్లేటు చేయించి, ముందు అదే కొట్టాం. అయినా తెలుపు పాలలా రాలేదు, బూడిద పూసినట్టుంది. దాని మీద పూతరేకు మాసిన గుడ్డలా కనిపిస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఇంకు ఎక్కువ వదిలితే ఆరడం లేదు. ఈ బోర్డు పీల్చుకోదు కదా, రాత్రంతా ఉంచినా వేలికి అంటింది, పై షీటు వెనక మరకలు పడ్డాయి. మాది యూవీ మిషను (అతినీలలోహిత కాంతితో ఇంకుని వెంటనే ఆరబెట్టేది) కాదు.

అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. తెలుపు పల్చగా రెండుసార్లు కొడితే సరిపోతుందా? లేక తెలుపు వరకు స్క్రీన్ ప్రింటింగులో వేయించి, బాగా ఆరాక రంగులు ఆఫ్‌సెట్‌లో కొట్టాలా? స్క్రీన్‌లో ఇంకు మందంగా పడుతుంది, నిజమే. కానీ రెండు చోట్ల వేస్తే రిజిస్ట్రేషన్ (ఒక రంగు మీద ఇంకోటి సరిగ్గా అదే చోట పడటం) తప్పుతుందేమోనని టెన్షన్. ఫోటో చుట్టూ తెల్ల గీత బయటపడకుండా తెలుపు ప్లేటుని ఎంత లోపలికి తగ్గిస్తారు?

రాజమండ్రి, కాకినాడ వైపు యూవీ ఆఫ్‌సెట్‌లో జాబ్ వర్కు చేసేవారున్నా చెప్పండి. సంక్రాంతి ముందే పెట్టెలు ఇవ్వాలి.