"మీ నాన్న ఏం పని చేస్తారు?" మూడో తరగతిలో ఇది అడగొచ్చా?

లంకపిల్ల: మాది రాజోలు దగ్గర. మా పాప చదివే బళ్ళో వృత్తుల దినం పెట్టారు. పిల్లల అమ్మానాన్నలు వచ్చి తమ పని గురించి ఐదు నిమిషాలు చెప్పాలి. డాక్టరు గారొచ్చారు, బ్యాంకాయనొచ్చారు, రొయ్యల చెరువులాయనా వచ్చారు. మా వీధిలో కొబ్బరి దింపు తీసే ఆయన కొడుకు మాత్రం "మా నాన్నకి ఖాళీ లేదు" అన్నాడట. ఆ పూట ఆయన అరుగు మీదే కూర్చుని ఉన్నారు, నేను చూశాను. ఎలిమెంటరీలో ఇవి అవసరమా?

చాక్‌పీసు: టీచర్ని. అవసరమేనండి, పిలవాల్సినవాళ్ళని పిలిస్తే. నిరుడు మేం దింపు ఆయన్నే పిలిచాం. కాళ్ళకు తాడు వేసుకుని బడి వెనక చెట్టు ఎక్కి రెండు కాయలు దించారు. ఒకటి చెవి దగ్గర ఊపమన్నారు, గలగలమంది. రెండోది ఊపితే చప్పుడే లేదు. లేత బొండాం నిండా నీళ్ళే కాబట్టి మోగదట, ముదిరాక లోపల ఖాళీ పెరిగి మోగుతుందట. నలభై మందీ ఊపాల్సిందేనని గొడవ! డాక్టరు గారి స్టెతస్కోపుకి కూడా అంత క్యూ లేదు.

గట్టుమీదోడు: బాగానే ఉందండి. కానీ మనవైపు పని అడగడమంటే కులం అడగడమే. నాలుగో తరగతిలో మాస్టారు నన్ను లేపి ఇదే అడిగారు. "బట్టలు ఉతుకుతారండి" అన్నాను. ఇంటర్వెల్లో ఒకడు చొక్కా విప్పి నా మొహాన కొట్టాడు, "రేపటికి కావాలి" అని. ఇప్పుడు నాకు 46. ఆ చొక్కా గళ్ళు నీలం రంగువి. మాస్టారు మంచివారే, ఆయనకి ఆ సంగతి తెలీదు కూడా.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పూట బడి, మిగతా పూట ఇంట్లో కులవృత్తి అన్నారు. జనం ఒప్పుకోలేదు, మరుసటేడే ఎత్తేశారు. ఊరికే ఎత్తేశారా?

చాక్‌పీసు: దానికీ దీనికీ పోలిక లేదండి. అందులో కమ్మరి కొడుక్కి కమ్మరం. ఇక్కడ అందరి పిల్లలకీ అన్ని పనులూ. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు సంచీ లేకుండా వడ్రంగులు, కుమ్మరుల దగ్గర పని చూడాలంటోంది.

గట్టుమీదోడు: చూడనివ్వండి. "ఈయన ఎవరి నాన్న?" అన్న ప్రశ్న తీసేయండి, అంతే. చెప్పుకోదగ్గ నాన్నలున్న పిల్లలకే అది పండగ.

లేసుబుట్ట: ఆయ్, అందరూ నాన్నల గురించేనా? మా అమ్మ నరసాపురంలో ముప్పై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. ఆ లేసు దేశాలు దాటి పోతుంది. నా బడి ఫారంలో తల్లి వృత్తి దగ్గర "గృహిణి" అనే రాశారు. రాసింది నాన్నే.

చాక్‌పీసు: గట్టు గారూ, మీరు చెప్పింది నిజమే. నిరుడు మేం పిలిచినాయన పిల్లలెవరూ మా బళ్ళో లేరు. అనుకోకుండా కలిసొచ్చిందంతే, అప్పుడు నాకు తట్టలేదు.

లంకపిల్ల: నిన్న అరుగు దగ్గర ఆగి ఆయన్నే అడిగాను. కాసేపు ఆలోచించి "ఐదో తరగతికైతే వస్తానమ్మా. మావాడు మూడు" అన్నారు.

గట్టుమీదోడు: వాడు కిటికీలోంచి చూస్తాడు లెండి.